నీళ్ళు ఎటు పోతాయోనని భయపడ్డ మా సార్

సార్ పోయారని తెలిసేసరికి నేను ఆఫీసుకు వెళ్తూ పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది సార్ భార్య. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను.

“చెల్లె, మీ సార్ లేడు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. గట్లనే పోయిండు,” అంది. తర్వాత, “నువ్వు ఉరుక్కుంట రాకు. మంచిగ చూసుకొని బస్సెక్కు. ఆయనుంటే గదే చెప్తుండె,” అంది.

నిజమే. ఆయనైతే అంతటితో ఆగేవారు కాదు. సీటు దొరికిందా, ఇంట్లో స్టవ్ ఆపావా, గొడుగు తెచ్చుకున్నావా అని కూడా అడిగేవారు.

పోతిరెడ్డిపల్లిలో వాళ్ళ ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆయన చేసిన పని తెలియదు. ఒకాయన సార్ పెట్రోల్ బంకు నడిపారనుకున్నాడు. పక్కింటి పెద్దమనిషి, “బోర్లు ఏడ వెయ్యాల్నో చెప్తుండెనట గదా,” అన్నాడు. అది కాస్త దగ్గర. అక్కడ ఎవరినీ సరిదిద్దాలనిపించలేదు. ఇంటికొచ్చాక మాత్రం మనసొప్పలేదు. ఆయన దగ్గర పనిచేసినదాన్ని, ఆయన భయాన్ని పక్కనే కూర్చుని చూసినదాన్ని. నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

తొంభైల్లో పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పైపుల ఫ్యాక్టరీ ఉండేది. మా నాన్న అందులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. యజమానిని అందరూ సేట్ అనేవారు. చమురు బావులకు పైపులు అమ్మీ అమ్మీ ఆయనకు తానే చమురు తీయాలన్న కోరిక పుట్టింది. ప్రభుత్వం చిన్న చిన్న చమురు క్షేత్రాలను ప్రైవేటు వాళ్ళకు ఇస్తున్న కాలం అది. సముద్రతీరం వైపు ఉన్న ఒక పాత క్షేత్రాన్ని, ఈ ఫ్యాక్టరీనే తాకట్టు పెట్టి, అప్పు చేసి తీసుకున్నాడు. దాన్ని ఎలా నడపాలో తేల్చడానికి మేడ మీద ఒక గది వేయించి, కంప్యూటర్లు పెట్టించి, సార్‌ను పిలిపించాడు. సార్ సంగారెడ్డి మనిషే. చాలా ఏళ్ళు ఎక్కడెక్కడో చమురు బావుల దగ్గర ఉద్యోగం చేసి సొంతూరికి తిరిగొచ్చారు. భూగర్భశాస్త్రం చదివి ఖాళీగా ఉన్న నన్ను మా నాన్న బతిమాలితే ఆయన దగ్గర చేర్చుకున్నారు.

మొదటిరోజు ఆయన నా చదువు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. “బిడ్డా, ఏ బస్సుకొచ్చినవ్? అది రాకుంటే ఇంకోటేమున్నది?” అన్నారు. నాకు తెలియదన్నాను. “ఎరుకజేసుకో,” అన్నారు. ఈ మనిషితో ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

ఆయన అంతే. గదికి తాళం వేసి, లాగి చూసి, సగం మెట్లు దిగి, మళ్ళీ పైకెళ్ళి లాగి చూసేవారు. అన్నం పాడైతే ఎట్లా అని ఇంకో డబ్బాలో జొన్నరొట్టె తెచ్చుకునేవారు. కంప్యూటర్‌కు మేము ఇచ్చే లెక్క తేలడానికి గంటల తరబడి పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొచ్చేది. అందుకని ఆయన చెవి ఎప్పుడూ కింద జనరేటర్ మీదే ఉండేది. జనరేటర్ చూసే చాచా మెట్ల దగ్గర నిలబడి, “నేనున్న గద సాబ్, మీరెందుకు పరేషాన్ అయితరు?” అనేవాడు. “నువ్వున్నవ్ చాచా. డీజిల్ ఉన్నదా?” అనేవారు సార్. చాచా నవ్వేవాడు. కానీ వెళ్ళి చూసొచ్చేవాడు.

మా పనేమిటో కాస్త చెప్పాలి. నేల కింద చమురు చెరువులా నిండి ఉండదు. తడిసిన ఇటుకలో నీళ్ళున్నట్టు రాతి సందుల్లో ఇంకి ఉంటుంది. బావి వేస్తే లోపలి ఒత్తిడికి పైకొస్తుంది. తీసేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఒక పక్కనున్న బావిలోంచి నీళ్ళు లోపలికి పంపిస్తారు. ఆ నీళ్ళు చమురును వెనకనుంచి నెట్టుకుంటూ మిగతా బావుల వైపు తేవాలి. కింద ఏముందో ఎవరూ దిగి చూడలేరు. కాబట్టి ఆ రాతిపొరనంతా కంప్యూటర్‌లో వేల గళ్ళుగా చేసి, ఏ గడిలో ఎంత చమురు, ఎంత నీరు ఉండొచ్చో పెట్టుకుంటాం. ఇన్నేళ్ళలో బావులు నిజంగా ఇచ్చినదీ, కంప్యూటర్ చెప్పేదీ ఒకటయ్యేదాకా సరిచేస్తాం. గతం కుదిరాకే రేపటి సంగతి అడుగుతాం.

మా నాన్న ఒకసారి మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో పైకొచ్చి ఇదంతా ఏమిటని అడిగాడు. సార్ గళ్ళ సంగతి ఎత్తనే లేదు.

“నువ్వు పొలంల నీళ్ళు కట్టినవ్ గద?”

“కట్టిన సార్.”

“గెట్టుకు ఎండ్రకాయ బొక్క ఉంటే ఏమైతది?”

“మడి ఎండుతది. నీళ్ళన్ని బొక్కలకెళ్ళి పక్కోని చేన్లకు పోతయ్.”

“నా భయం గంతే. కింద ఏడనన్న బొక్క ఉందా అని.”

ఆ క్షేత్రంలో ఒత్తిడి పడిపోతోంది. నీళ్ళు పంపక తప్పదు. పడమటి వైపు ఒక పాత బావి సిద్ధంగా ఉంది, దానిలోంచి పంపడమే తేలిక. నెలల తరబడి కూర్చుని గతం సరిగ్గా కుదిరేలా లెక్క తెచ్చాం. ఆ ప్రకారం నీళ్ళు వెడల్పుగా పరుచుకుని చమురును చక్కగా నెడతాయి. నాకు గంతులేయాలనిపించింది. సార్ చాలాసేపు తెరవైపు చూసి, “కంప్యూటర్ అబద్ధం చెప్పదు బిడ్డా. మనం అడిగిందే చెప్తది. ఇంకో తీరుగ అడుగుదాం,” అన్నారు.

పడమటి బావి నుంచి నడుమనున్న అన్నిటికంటే మంచి బావిదాకా నీళ్ళు తేలిగ్గా జారిపోయే ముతక ఇసుక పొర ఒకటి, సన్నగా, ఉందనుకుని మళ్ళీ మొదలుపెట్టాం. గతం అప్పుడూ అంతే బాగా కుదిరింది. కానీ రేపటి సంగతి అడిగితే బొమ్మ తారుమారైంది. నీళ్ళు ఆ సన్నదారినే పరుగెత్తి కొద్ది నెలల్లోనే మంచి బావిని ముంచేశాయి. ఒకటే గతానికి రెండు కథలు. ఏది నిజమో చెప్పే ఆధారం మా దగ్గర లేదు.

మొదటి కథ ఒక్కటే చూపిస్తే సరిపోయేది. సేట్‌కు కావలసిందీ అదే. సార్ రెండూ చూపించారు.

“నాకు రెండు వద్దు సార్,” అన్నాడు సేట్. “ఒక్కటి చెప్పుర్రి. నీళ్ళు పంపుడా, వద్దా?”

“నాకు ఎరుకలేదు సేట్.”

“గిన్ని దినాలు కూసోని ఎరుకలేదంటరా?”

సార్ రెండు లెక్కల కాగితాలనూ పక్కపక్కన సర్దారు. “తెలుసుకునే తొవ్వ ఒకటున్నది. మంచి బావిని కొన్నాళ్ళు మూద్దాం. పడమటి బావిల జెరన్ని నీళ్ళు పంపి, మూసిన బావిల ఒత్తిడి ఎంత జల్దీ కదుల్తదో సూద్దాం. జల్దీ కదిలితే నడుమ సందు ఉన్నట్టే.”

“మంచి బావిని మూస్తరా? మళ్ళ తెరిస్తే చమురు వస్తదా?”

“రాకపోవచ్చు గూడ. ఒత్తిడి తగ్గిన బావి, ఆపితే లోపల నీళ్ళు నిండి మళ్ళ లేవకపోవచ్చు.”

సేట్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడినుంచి షెడ్డు మొత్తం కనబడుతుంది. “కింద గంతమంది ఉన్నరు సార్,” అన్నాడు.

“ఉన్నరు గనుకనే చెప్తున్న,” అన్నారు సార్.

సేట్ అక్కడినుంచి నేరుగా కిందికి దిగిపోయాడు. మర్నాడు బావి మూయమని కబురు పంపాడు.

మంచి బావి మూశారన్న మాట ఎలాగో షెడ్డులోకి పాకింది. నేను మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు ఆపి, “అమ్మా, ఏమంటుంది మీ కంప్యూటర్?” అని అడిగేవారు. క్షేత్రం పోతే ఫ్యాక్టరీ కూడా పోతుందని వాళ్ళకు తెలుసు. మా నాన్న ఇంట్లో ఏమీ అడిగేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని నా ముఖం చూసేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

సార్ తిండి మానేశారు. అక్క ఆఫీసుకు ఫోన్ చేసి, “తిన్నడా చెల్లె?” అని అడిగితే, “ఇప్పుడు తింటారక్కా,” అనేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి లేచి, “కిందికి పోదాం పా,” అన్నారు. భోజనాల వేళ షెడ్డులో అందరి మధ్యా నిలబడి, ఏం చేశామో, ఎందుకు చేశామో, ఏం పోవచ్చో దాచకుండా చెప్పారు. ఒక ముసలి ఫిట్టర్, “చెప్పిండ్రు, గంతే చాలు సార్,” అన్నాడు. పైకొస్తూ సార్ నాతో, “భయపడుడు తప్పు గాదు బిడ్డా. భయపడి నోరు మూసుకునుడు తప్పు,” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చెమటతో తడిసి ఉంది.

క్షేత్రం నుంచి రోజూ ఇంజినీరు ఫోన్ చేసి మూసిన బావిలో ఒత్తిడి ఎంతుందో చదివేవాడు. ఒక మధ్యాహ్నం సార్ ఫోన్ పట్టుకుని, “మళ్ళ చదువు,” అన్నారు. విని, “మీటర్ మంచిగున్నదా? ఇంకోటి పెట్టి సూడు,” అన్నారు. ఇంకోటి పెట్టి చూశారు. అదీ అదే చెప్పింది. మేము అనుకున్నదానికంటే చాలా ముందే ఒత్తిడి కదిలింది.

“సందు ఉన్నది బిడ్డా,” అన్నారు. గెలిచినట్టు కాదు, ఎవరికో జబ్బు ఖాయమైనట్టు. “నిండా నీళ్ళు పంపి ఉంటే...” అని ఆగిపోయారు. వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. “ఇగ బావి తెరువాలె.”

తెరిచారు. కాస్త గ్యాస్ బుస్సుమని వచ్చి ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. ఆ రోజంతా అంతే. మర్నాడూ అంతే. సార్ గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉన్నారు. ఒకసారి నా దగ్గర ఆగి, “నువ్వు వేరే నౌకరీ సూసుకో బిడ్డా. నేను ఎవరికన్న చెప్త,” అన్నారు. నేను వినబడనట్టే కూర్చున్నాను. ఏడుపొస్తోందని ఆయనకు తెలియకూడదని తెరమీద లేని తప్పులు వెతికాను.

మూడోరోజు బావి పారింది. మునుపటిలా కాదు, తగ్గింది. కానీ పారింది.

సేట్ వచ్చాడు. “తగ్గింది గద సార్,” అన్నాడు.

“తగ్గింది. మూయమన్నది నేనే. ఆ మాట నా మీదనే ఉంచుర్రి.”

సేట్ బల్లమీదున్న సార్ డబ్బా తానే తెరిచి, జొన్నరొట్టె తుంచి సగం ఆయన చేతిలో పెట్టాడు. “తినుర్రి ముందుగల. ఆ పడమటి బావి జోలికి పోవద్దు. ఇంకేడికెళ్ళి పంపాల్నో సూడుర్రి,” అన్నాడు.

తూర్పు అంచున దూరంగా ఉన్న బావిని ఎంచుకుని, కొద్దికొద్దిగా, చూసుకుంటూ నీళ్ళు పంపాం. మా మొదటి లెక్క ఆశ చూపినంత చమురు ఆ క్షేత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. అయినా చాలా ఏళ్ళు బతికింది. తర్వాత ఒక పెద్ద కంపెనీ దాన్ని తీసుకుంది, మా మేడగది స్టోర్‌రూమ్ అయింది. మా నాన్న అదే లేత్ మీద పనిచేసి అక్కడే రిటైర్ అయ్యాడు. నేను ఇప్పుడు తెల్లాపూర్ వైపు ఒక ఆఫీసులో భూగర్భజలాల లెక్కలు చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు చక్కటి జవాబు తెచ్చి చూపిస్తే, ఇంకో తీరుగా అడిగావా అంటాను. వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

టెంటు కింద జనం పలచబడ్డాక అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “భయపడకు, భయపడకు అని అందరు చెప్తుండ్రి. నేను గూడ చెప్పిన,” అంది. “ఆయన భయపడ్తుండె గనుక నేను నిమ్మలంగ ఉంటుంటి చెల్లె. ఇగ నాకెట్ల?” ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

వచ్చేటప్పుడు దారిపొడవునా ఒకటే దృశ్యం కళ్ళముందు కదిలింది. బావి పారిన రోజు సాయంత్రం. సేట్ వెళ్ళిపోయాక సార్ ఆ సంగతి చెప్పడానికి షెడ్డులోకి దిగారు. అది చాయ్ వేళ, మిషన్లు ఆగి ఉన్నాయి. చెప్పి, మా నాన్న లేత్ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. నాన్న గ్లాసులో చాయ్ పోసి తెచ్చేసరికి, తల గోడకు ఆన్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నారు. ఎవరో మిషన్ స్విచ్ మీద చెయ్యి వేశారు. నాన్న వద్దన్నట్టు చెయ్యెత్తాడు. నేను మెట్లమీదే ఆగిపోయాను. అంత పెద్ద షెడ్డులో చప్పుడు లేదు. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే, ఆయన లేచేదాకా, ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ఉన్నారు.