నిమ్ము గోడకు టెక్స్చర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది కోయంబత్తూరు పక్కన సూలూరులో ఒక ఇంటికి టెక్స్చర్ పనికి వెళ్ళాను. టెక్స్చర్ అంటే గోడకు చిక్కని పేస్టు పట్టించి, ట్రోవెల్ అనే తాపీతో గీతలో గరుకో తేవడం. చిన్న చిన్న లోపాలన్నీ అందులో కలిసిపోతాయి. అందుకే ఎవరైనా ఒకే గోడకు, అదీ దట్టంగా వేయమంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

ఇంటాయన అలాగే అడిగాడు. హాల్లో కాదు, లోపలి పడకగదిలో మూల గోడకు. ఎవరు చూడాలని అక్కడ అలంకారం? స్క్రేపర్‌తో గీకితే నిన్నమొన్న పట్టించిన పుట్టీ పిండిలా రాలింది. దాని కింద ఉప్పు పూసి ఉంది. పాలిథిన్ షీటు అంటించి వెళ్ళి, మర్నాడు తీసి చూస్తే గోడవైపు నీటి చుక్కలు. అంటే తడి గోడలోంచే వస్తోంది.

పనిచోట నేను తమిళమే మాట్లాడతాను. "సార్, నిమ్ము ఆరకుండా వేస్తే ఊడిపోతుంది" అన్నాను.

"అది ఏసీ నీళ్ళు" అన్నాడాయన. ఆ గదిలో ఏసీయే లేదు.

ఆయన భార్య నా ఎదుటే తెలుగులో అంది: "వానికేం తెలుస్తాది! కొనేవాళ్ళు వచ్చేలోపల సీక్రం పూయించేయండి. గోడ తడని వాళ్ళకి తెలియకూడదు."

మా కోయంబత్తూరు తెలుగిళ్ళలో ఇదొక అలవాటు. పనివాళ్ళ చెవిన పడకూడని మాటైతే తెలుగులోకి దిగుతారు. మా ఇంట్లోనూ తెలుగేనని వాళ్ళకేం తెలుసు? ఒళ్ళు మండింది. అయినా అర్థం కానట్టే గోడ గీకుతూ చెవులు రిక్కించాను.

ఇంతలో నా భార్య ఫోన్ చేసింది. "ఇంకా తినలా, పని ఉండాది" అన్నాను అలవాటుగా తెలుగులోనే. మొగుడూపెళ్ళాల ముఖాలు పాలిపోయాయి. అంతలోనే ఆవిడ నవ్వేసింది.

"అయ్యో, నువ్వు మనోడివా అప్పా! ముందే చెప్పరాదా?"

అంతవరకూ పేపర్ కప్పులో వచ్చిన కాఫీ ఆ పూట స్టీలు టంబ్లరులో వచ్చింది. ఆ కాఫీ మీదా నాకు అనుమానమే.

సాయంత్రం కొనేవాళ్ళు వచ్చారు. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే ఒకావిడ, వెంట వాళ్ళమ్మ. కూతురు తమిళంలో నన్నే అడిగింది: "అన్నా, అమ్మకి వీసింగ్. ఈ గదిలోనే పడుకోబెడదామని. గోడ బాగుందా?"

నేను నోరు తెరిచేలోపలే ఇంటావిడ నవ్వు చెదరకుండా తెలుగులో అంది: "చెప్పొద్దప్పా. మనోళ్ళ గుట్టు మనోడే ఇప్పుతాడా?"

ముసలామెకు మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. ఆమెను చూస్తూ నేను తమిళంలోనే జవాబు చెప్పాను.

"సువత్తుల ఈరం ఇరుక్కుంగమ్మా." గోడలో తడి ఉందమ్మా, అని.

ఆ పని పోయింది. పోతే పోయింది. అప్పటినుంచి తెలుగిళ్ళకు వెళ్తే గడప దగ్గరే తెలుగులో పలకరిస్తున్నాను. దాచాల్సింది ఉన్నవాళ్ళు అక్కడికక్కడే వేరే మేస్త్రీని చూసుకుంటారు.