బోణీ ఫోల్డరు

కంప్యూటరు నేర్చుకున్న ఆడపిల్ల అంటే ఆ రోజుల్లో మా మలికిపురం వైపు ఒక రకమైన గౌరవం ఉండేది. ఆ పిల్లకి ఏం వచ్చో మాత్రం ఎవరికీ తెలియదు, ఆ పిల్లతో సహా. డిగ్రీ అయ్యాక నేను రాజోలు వెళ్లి ఒక కోర్సు చేసి వచ్చాను. అందులో సగం నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టైపు చేసే డాస్ పాఠాలే. (అప్పటికే అది పాతబడిపోయింది. మా మాస్టారికి అదొక్కటే వచ్చునని తరవాత తెలిసింది.) సంబంధం కుదిరేదాకా అనే షరతు మీద నాన్నగారు నన్ను మా బాబాయిగారి ఫొటో స్టూడియోలో పనికి పంపారు. బాబాయిగారు నాన్నగారికి పినతండ్రి కొడుకు కాబట్టి అది ఉద్యోగం కిందకి రాదని ఇంట్లో వాళ్ల ధీమా. నాకు మాత్రం అది కలెక్టరు ఉద్యోగమే.

బాబాయిగారికి కెమెరా మీద కన్నా బోణీ మీద నమ్మకం ఎక్కువ. పొద్దున్నే మొదటి పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్న మనిషిని చూసి ఆ రోజు వ్యాపారం ఎలా ఉంటుందో చెప్పేసేవారు. స్టూడియోలోకి మొదటి కంప్యూటరు వచ్చిన రోజున, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక ఆసామి తన ఫొటోల సీడీ తెచ్చి పెద్దవి చేసిమ్మన్నాడట. ఆ సీడీలోని ఫోల్డరును ఉన్నదున్నట్టు కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ నెలంతా ఊపిరాడనన్ని పెళ్లిళ్లు వచ్చాయి. అంతే, "ఆ చెయ్యి మంచిదమ్మా" అని తేల్చేసి, కొత్త ఫోల్డరు సృష్టించడాన్ని బాబాయిగారు నిషేధించారు. ఏ పెళ్లి వచ్చినా ఆ బోణీ ఫోల్డరును కాపీ చేసుకోవాలి, లోపలున్న మస్కట్ ఆసామి ఫొటోలు తుడిచేయాలి, పైన పెళ్లివారి ఊరి పేరు పెట్టుకోవాలి. ఇదెందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. పసుపు రాయకుండా శుభలేఖ పంచుతామా, ఇదీ అంతే అనుకున్నాను.

కొన్నాళ్లకి పాత కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ ఉందని, మార్పిడి మీద కొత్తది తెచ్చారు. అమలాపురం నుంచి ఒక మెకానిక్ గారు వచ్చి పాతదాంట్లోని ఫోల్డర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతదాన్ని పట్టుకుపోయారు. (ఆయన్ని నేను ఫార్మాట్‌గారు అనేదాన్ని, మనసులోనే. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఉన్న మందు ఫార్మాట్, అంటే మొత్తం తుడిచేయడం, ఒక్కటే.) మర్నాడు పొద్దున్న అగరుబత్తి వెలిగించి కంప్యూటరు తెరిస్తే ఇంకేముంది, నగరం పెళ్లి లేదు, కపిలేశ్వరపురం గృహప్రవేశం లేదు. (నగరం అంటే పట్నం కాదు, మా పక్కనున్న ఊరి పేరే.) తెర నిండా వరసగా ఒకటే పేరు: మై పిక్చర్స్, మై పిక్చర్స్, మై పిక్చర్స్. రెండు మూడు తెరిచి చూశాం. ఫొటోలు ఉన్నాయి గాని ఎవరి పెళ్లో పోల్చుకోవడం ఎలా? మా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతుళ్లందరికీ మేకప్ చేసేది ఒక్కావిడే.

ఫార్మాట్‌గారికి కబురు పెడితే మధ్యాహ్నానికి వచ్చి, తెర వంక చూసి నాలుక చప్పరించారు. "వైరస్సండి. ఇయ్యాల పేర్లు తినేసింది, రేపు ఫొటోలు తింటాది. తెరిచినకొద్దీ లోపలికి పాకిపోద్దండి. మొత్తం తుడిచేసి మళ్లీ మొదలెట్టడమేనండి."

"పోనీ ఫొటోలు ముందు సీడీలోకి తీసేస్తేనండీ?" అన్నాను.

"వైరస్సు కూడా దాంతోపాటు ఎక్కేస్తాదమ్మా" అన్నారు.

"ఇంకెవరూ దాన్ని ముట్టుకోకండి" అని బాబాయిగారు కుర్చీలో కూలబడిపోయారు. "టీ తాగొచ్చి మొదలెడదావండి" అని ఫార్మాట్‌గారు ఎదురు కొట్టుకి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే నగరం పెళ్లికూతురు వచ్చింది. ఆ అమ్మాయి పెళ్లయిన పది రోజులకే మొగుడు మస్కట్ విమానం ఎక్కేశాడు. అప్పటినుంచి సంతకి వచ్చినప్పుడల్లా స్టూడియో గుమ్మంలో నిలబడి ఆల్బమ్ అయ్యిందా అని అడిగి పోతుండేది. ఆ రోజు బాబాయిగారి మొహం చూసి ఏదో అయ్యిందని గ్రహించింది.

"మా ఫొటోలు పోయాయాండీ?" అంది నాతో, గొంతు తగ్గించి. "పోయాయని మాత్రం అనకండి. ఫోన్లో ఆయన గొంతు వింటాను గానండీ, మొహం గుర్తు తెచ్చుకుందావంటే రావట్లేదండి. ఈ మాట మా అత్తగారితో చెప్పుకోలేను గదండీ."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియని కోపం. "మీరు ఈ స్టూలు మీద కూర్చోండి. చూపించకుండా మిమ్మల్ని పంపను" అనేశాను. (ఎలా చూపిస్తానో అప్పటికి నాకేమీ తెలియదు.) చున్నీ నడుముకి బిగించి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"ముట్టుకోవద్దన్నాను గదమ్మా!" అన్నారు బాబాయిగారు.

"ఏ ఫోల్డరూ తెరవనండి, బాబాయ్ గారూ. బయటినుంచే పేర్లు అడుగుతానండి" అని, నాకు వచ్చిన ఆ ఒక్క విద్యా బయటికి తీశాను. నల్ల తెర తెరిచి, ఇక్కడ ఏమేం ఫోల్డర్లున్నాయో చెప్పమని టైపు చేశాను. చెప్పింది. నగరం పెళ్లి, కపిలేశ్వరపురం గృహప్రవేశం, అన్నీ పొల్లు పోకుండా వచ్చేశాయి. పేర్లు ఎక్కడికీ పోలేదు. రంగుల తెర మాత్రమే వాటిని తప్పుగా చూపిస్తోంది.

ఇక వదలదలుచుకోలేదు. నగరం ఫోల్డరులో దాచిన ఫైళ్లేమైనా ఉంటే అవీ చూపించమన్నాను. ఫొటోల మధ్య మేమెప్పుడూ చూడని చిన్న ఫైలు ఒకటి కనిపించింది. చదివితే, ఈ ఫోల్డరును మై పిక్చర్స్ అనే పేరుతో చూపించు అని అందులో ఆజ్ఞ ఉంది. మస్కట్ ఆసామి కంప్యూటరు తన ఫోల్డరు కోసం రాసుకున్న మాట అది! మేం ఫొటోలు తుడిచినప్పుడల్లా ఆ దాగిన ఫైలు లోపలే ఉండిపోయి, బోణీతో పాటు ప్రతి పెళ్లికీ సంక్రమించింది. పాత కంప్యూటరుకి ఆ భాష రాదు గనక పట్టించుకోలేదు. కొత్తది చదువుకున్నది, అక్షరాలా పాటించింది.

అంతలో ఫార్మాట్‌గారు టీ తాగి వచ్చారు. "అది పీకేస్తే ఫొటోలు పోతే ఎవరి పూచీ అమ్మా?" అన్నారు.

"నా పూచీయేనండి" అన్నాను.

బాబాయిగారు ఒక్క క్షణం నా వంక చూసి, గోడ మీది దేవుడి వంక చూసి, "కానియ్యమ్మా" అన్నారు. ఫైలు తీసేసి రంగుల తెరకి వచ్చాను. అన్ని మై పిక్చర్సుల మధ్యా ఒక్కచోట 'నగరం పెళ్లి' అని ఉంది. తెరిచాను. తలంబ్రాల ఫొటో వచ్చింది.

ఆ అమ్మాయి స్టూలు మీదనుంచి లేచి తెర దగ్గరికి వచ్చింది. తెరకి వేలు తగిలితే బాబాయిగారు కయ్యిమనేవారు. ఆ రోజు ఆ పిల్ల అరచెయ్యి మొత్తం తెర మీద పెట్టేస్తే కళ్లద్దాలు తుడుచుకునే పని పెట్టుకున్నారు. "ఆయ్, ఈయనేనండి" అంది ఆ అమ్మాయి, నవ్వుతూ, ఏడుస్తూ. "ఇంత తెల్లగా ఉంటారేంటండీ!"

(అది మా ఫ్లాష్ లైటు గొప్పతనమని నేను చెప్పలేదు. ఆయన మస్కట్ ఎండల్లో కాగి వచ్చాక ఆ అమ్మాయే చూసుకుంటుందిలే అని ఊరుకున్నాను.)

మరుసటి ఏడాది నాకూ సంబంధం కుదిరింది, స్టూడియో మానేశాను. అక్కడున్నన్నాళ్లూ ఎన్ని వందల మొహాలకి వెలుగులు దిద్దానో లెక్కలేదు గాని, ఆ కుర్చీలో కూర్చున్న నన్ను ఫొటో తీయాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. చున్నీ బిగించుకుని, చెమటలు కారుతూ "నా పూచీ" అన్న ఆ మొండి పిల్లని ఒక్కసారి చూడాలనిపిస్తుంది ఇప్పుడు. ఏ ఫోల్డరులోనూ లేదు.