అచ్చులో లేని డాక్టరమ్మ

నా చిన్నప్పుడు కథలన్నీ తుమ్ముల మధ్యే విన్నాను. గురజాల దగ్గర మా ఊళ్లో చలి వెనకబట్టిందంటే కల్లాల నిండా మిరపకాయలే. ఎండిన కాయల్ని రాశిగా పోసి, చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ముచ్చికలు తీసేవాళ్లు. తొడిమల్ని మా వైపు ముచ్చికలంటారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగేది కాదు. ఒకరు తుమ్మితే వరసపెట్టి అందరూ తుమ్మేవాళ్లు. ఆ తుమ్ములు సద్దుమణిగాక మా పక్కింటి అక్క వారపత్రిక తెరిచి, కిందటి వారం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సీరియల్ అందుకునేది.

అక్క వాళ్ల నాన్న గురజాలలో పొలం మోటార్లు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు. అక్క మాత్రం ఇంటరు దాకా చదివి, తెలుగు పత్రిక కనిపిస్తే అన్నం మాట కూడా మరిచిపోయే మనిషి. వాళ్ల నాన్న వారం వారం పత్రిక తెస్తే దాన్ని ఇంట్లో తెరవకుండా మడత మడతగానే కల్లానికి పట్టుకొచ్చేది. ముందే చదివేసి తర్వాత మాకు చదివితే ఎంగిలి పెట్టినట్టు ఉంటుందని ఆమె పట్టింపు.

చదివే మనిషి కాయ ముట్టకూడదు. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక ఆ పూటకు చదువు లేనట్టే. అందుకని అక్క పక్కన ఒక ఖాళీ గంప పెట్టేవాళ్లు. కూలి గంపల లెక్కన కాబట్టి తక్కిన వాళ్లు తాము ముచ్చికలు తీసిన కాయల్లోంచి అప్పుడప్పుడూ ఒక గుప్పెడు ఆ గంపలో పడేసేవాళ్లు. పొద్దుగూకేసరికి అక్క గంప కూడా అందరి గంపలతో సమానంగా నిండేది. కథ మంచి పట్టులో ఉంటే ఇంకాస్త ముందే నిండేది. ఎవరూ చెప్పి పెట్టిన ఏర్పాటు కాదది. ఎప్పటి నుంచో అలా నడుస్తూ వచ్చింది.

ఒంటిపూట బడి కాగానే నేను కల్లానికి పరుగెత్తేదాన్ని. గాలికి పేజీ లేవకుండా మూల నొక్కి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలోంచి చూసినట్టు ఉంటాయి. కళ్లు సగం మూస్తే ఎదురుగా అంతా ఎర్రటి ఎరుపు. ఆ ఎరుపులోంచి అక్క గొంతు సన్నగా, తొందరలేకుండా వచ్చేది. నేను ఎన్నడూ చూడని పట్నం, మేడలు, వానలో తడిసిన రోడ్లు, తెల్ల చీరల నర్సులు ఆ మిరపరాశి మీదుగా నడిచిపోతున్నట్టే ఉండేది. ఎండ ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలిసేది కాదు.

ఆ ఏడాది వచ్చిన సీరియల్ ఆసుపత్రి హత్యల కథ. పట్నంలో పెద్ద ఆసుపత్రి, అందులో ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే డాక్టరు. ఆయన దగ్గర ఆపరేషన్‌కు పడుకున్న వాళ్లలో కొందరు మళ్లీ లేవరు. మత్తు సూదిలోనే ఏదో ఉందని ఒక చిన్న నర్సుకు అనుమానం. ఆడవాళ్లకు ఆ కథ ఎంత పట్టిందంటే, ఆ నర్సు పేరు చెప్పి దేవుడికి దండం పెట్టుకున్న వాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లకు త్వరగా పెళ్లి చేసెయ్యమని అక్కను బతిమాలేవాళ్లు. అక్క ససేమిరా అనేది. "రాసినాయన రాసినట్టే చదవాల. మార్చేదానికి మనమెవరం?" అనేది. ఆ విషయంలో ఆమెది రాతి గుండె.

ఆ రోజుల్లోనే మా అమ్మకు కడుపునొప్పి మొదలైంది. మొదట్లో బిళ్లలతో సర్దుకుంది. తర్వాత బిళ్లలకు లొంగలేదు. నరసరావుపేట తీసుకెళితే కడుపులో గడ్డ ఉంది, తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందన్నారు. అమ్మ సరేనంది. మా నాన్న రోజు కూడా ఖాయం చేసుకుని వచ్చాడు. నొప్పి లేని పూట అమ్మ మామూలుగానే కల్లానికి వచ్చి ముచ్చికలు తీసేది.

సరిగ్గా అప్పుడే సీరియల్లో ఆ డాక్టరు దగ్గరికి పల్లెటూరి నుంచి ఒక ఇల్లాలు వచ్చింది. కడుపులో గడ్డే. డాక్టరు నవ్వుతూ భుజం తట్టాడు, మత్తు సూది ఇచ్చాడు, ఆమె ఇక కళ్లు తెరవలేదు. ఆ భాగాన్ని అక్క ఎప్పటిలాగే ప్రాణం పెట్టి చదివింది. అమ్మ చేతిలో ఒక కాయ అలాగే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక కాళ్లు కడుక్కుంటూ, "నేను ఆపరేషన్‌కి రాను" అంది.

మా నాన్న మొదట నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత కేకలేశాడు. "కథకీ కడుపులో గడ్డకీ ఏందే సంబంధం?" అని అరిచాడు. అమ్మ ఒకటే మాట. "మత్తిచ్చినాక మన చేతిలో ఏముండిద్ది?" మరునాడు నొప్పి వచ్చి అమ్మ గోడకు ఆనుకుని, నాకు వినిపించకూడదని పమిట నోట్లో కుక్కుకుంది. నాకు అన్నీ వినిపించాయి. అమ్మ చచ్చిపోతుందేమోనన్న భయం నాకు మొదటిసారి పట్టుకుంది ఆ రోజే. ఏడుస్తూ పక్కింటికి వెళ్లి అక్కకు మొత్తం చెప్పాను. ఉల్లిపాయలు కోస్తున్నదల్లా కత్తిపీట పక్కకు పెట్టేసింది. "నా నోటితోనే గదమ్మా చదివాను" అంది.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మకు నచ్చచెప్పబోయింది. "అది ఉత్త కట్టుకథ పిన్నీ, అట్టాంటి డాక్టరు ఏడా ఉండడు" అంది. అమ్మ తల ఎత్తకుండా, "కట్టుకథయితే రాసినాయనకి అంత వివరంగా ఎట్ట తెలిసిద్దే?" అంది. ఇంటరు చదివిన అక్క లేచి ఇంటికి వెళ్లిపోయింది.

తర్వాతి వారం అక్క పత్రికతో వచ్చినప్పుడు దాని మడత అప్పటికే విప్పి ఉంది. నేనది గమనించాను గానీ ఏమీ అనుకోలేదు. ఎప్పటిలా మూల నొక్కి పట్టుకుని అక్షరాల వెంట నేనూ చూపు సాగిస్తున్నాను. పేజీలో ఆ డాక్టరు వానలో కారెక్కి పారిపోతున్నాడు. అక్క గొంతులో మాత్రం కారు లేదు, వాన లేదు. ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా ఉంటుంది, కళ్లజోడు, మనిషి కాస్త గయ్యాళి. ఆపరేషన్ బల్ల మీద వణుకుతున్న ఇంకో ఇల్లాలి చెయ్యి పట్టుకుని, "ఏందమ్మా, చానా బయపడతన్నావు? నేనుండా గదా. నువ్వు లేచిందాకా ఈడనే ఉంటా" అంటోంది.

నేను నోరు తెరిచాను. అక్క పేజీ మీది నుంచి చూపు తిప్పకుండానే నా వేళ్ల మీద తన అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

అప్పటిదాకా ఆ సీరియల్లో అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్లు. ఈ డాక్టరమ్మ ఒక్కతే మా బజార్లో మనిషిలా మాట్లాడుతోంది. అక్క అవసరమైన చోట ఆగుతూ, మధ్యలో పేజీ కూడా తిప్పుతూ చదివేసుకుపోతోంది. ఇల్లాలికి మత్తిచ్చారు. గడ్డ తీసేశారు. ఆమె కళ్లు తెరిచి ముందుగా టీ అడిగింది. కల్లంలో ఒక్క తుమ్ము లేదు. అందరూ తలలు వంచుకుని ముచ్చికలు తీస్తున్నారు, ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు.

అప్పుడు అమ్మ అడిగింది. "ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు ఆమె పిల్లకి అన్నం ఎవరు పెట్టారంట?"

అక్క పేజీలో వెతుకుతున్నట్టు వేలు కిందికి జరిపింది. "పక్కింటోళ్లు పెట్టారంట పిన్నీ" అంది. "జడ కూడా వాళ్లే వేసి బడికి పంపిచ్చారంట."

అమ్మ తన చేతిలో ఉన్న కాయలు ఒక గుప్పెడు అక్క గంపలో వేసింది. ఆ వెనకే పక్కనున్న పెద్దమ్మ ఒక గుప్పెడు వేసింది, ఆ పక్కనున్నామె వేసింది. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగితే ఘాటు తగిలిందని పమిటతో తుడుచుకుంది. ఆమె కాయ ముట్టనే లేదు.

అమ్మ నరసరావుపేట వెళ్లింది. ఆ రోజులన్నీ నేను పక్కింట్లోనే తిన్నాను. అక్క జొన్నరొట్టెలో పప్పు పెట్టి, నేను అమ్మ కోసం బెంగపడితే డాక్టరమ్మ కథ ఇంకాస్త పెంచి చెప్పేది. నా జడ మరీ బిగించి వేసేది, నొప్పి పుట్టేది. అమ్మ మెల్లగా నడుచుకుంటూ బస్సు దిగిన రోజు నేను ఎవరి దగ్గరికి ముందు పరుగెత్తాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చాను.

పాపం అక్క పాట్లు అక్కడితో తీరలేదు. పత్రికలో కథ దాని దారిన అది పోతోంది, మా కల్లంలో డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. ఆ రెంటినీ అతకడానికి వారం వారం ఆమె పడ్డ అవస్థ చెప్పలేను. చివరికి హంతకుణ్ని పత్రికలో పోలీసులు పట్టుకుంటే, మా దగ్గర డాక్టరమ్మే చెంప పగలగొట్టి పట్టించింది. ఆ సీరియల్‌ను రాష్ట్రమంతా ఒక రకంగా చదివితే, మా కల్లంలో మేము ఇంకో రకంగా విన్నాం. మాదే బాగుందని నా అభిప్రాయం.

చాలా ఏళ్లకు, నా పిల్లలు కూడా పెద్దవాళ్లయ్యాక, అమ్మకు ఆ సంగతి చెప్పాను. ఆ డాక్టరమ్మ పత్రికలో లేదని, అక్క అల్లిందని. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "తెలవకేందే? కల్లంలో అందరికీ తెలుసు" అంది. మరి తెలిసీ ఎందుకు వెళ్లావంటే, నా వైపు వింతగా చూసింది. "అక్షరం మార్చనన్న పిల్ల నా కోసం అంత పెద్ద కథ అల్లింది. నేను పోకపోతే ఆ కథ ఏమైపోవాలే?" అంది.

అమ్మ చదువుకోలేదు. కథ చెప్పేవాళ్లు మన కోసం పడే కష్టాన్ని కనిపెట్టి, ఆ కష్టం వృథా పోకుండా వినడం ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఈమధ్య నాకు గుండెకు స్టెంటు వెయ్యాలన్నారు. ఇంటరు చదివే మా మనవరాలు కొన్నాళ్లుగా నాకు ఫోనులో ఒక నవల భాగం భాగంగా చదివి వినిపిస్తోంది. ఈ కాలపు పిల్లలు ఎగబడి చదువుతున్న రకం. అదీ ఆసుపత్రి హత్యల కథే. ఇప్పటి డాక్టరు మత్తు సూది ఇవ్వడు, యంత్రాల్లో ఏదో చేస్తాడు. నాకు భలే పట్టుకుంది. ఆసుపత్రిలో చేరిన రోజు పొద్దున్న మంచం మీద పడుకుని, ఊ కానివ్వు, ఆ నవల తియ్యి అన్నాను. పిల్ల కాసేపు ఫోను అటూ ఇటూ నొక్కింది. "దాని తర్వాతి భాగం ఇంకా రాలేదు అమ్మమ్మా. ఇంకోటి చదువుతా, బాగుండిద్ది" అంది.

ఆ భాగం వచ్చిందని నా ఫోను ముందురోజే టింగుమని చెప్పింది. మనవరాలు ఫోను తెర నాకు కనపడకుండా తిప్పి పట్టుకోవడం కూడా చూశాను.

ఆమె చదివింది పదోతరగతి పిల్ల ఒకతె ఫోను కోసం అమ్మతో గొడవపడి, అలిగి, మళ్లీ కలిసిపోయే కథ. నిజం చెప్పాలంటే ఏమంత బాగాలేదు. నన్ను లోపలికి తీసుకెళ్లేదాకా ఊ కొడుతూనే ఉన్నాను.