సాక్ష్యం చెప్పే పిల్ల

నేనెప్పుడూ ఏమీ రాయలేదు, తప్పులుంటే ఏమనుకోకండి. సువార్త సేవ చేయడానికి నాచారంలోని మా మందిరానికి పరాయి దేశం నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆమె అంటే నాకు కుళ్లు.

ఆ వారం దేవుడు చేసిన మేలు గురించి మేము ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్తాం. అందరూ జబ్బు తగ్గిందనో, పని దొరికిందనో చెప్తారు. ఈ పిల్ల మాత్రం రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, ఉప్పల్ బస్సులో ఎవరో జరిగి చోటిచ్చారని మురిసిపోయేది. ఎన్నేళ్లు ప్రార్థించినా నాకు చెప్పుకోవడానికి ఒక్కటీ ఉండేది కాదు.

ఒకరోజు ట్యాంకర్ దగ్గర ఆమె బిందె ఎత్తలేక నీళ్లన్నీ ఒలకబోసింది.

"గట్ల కాదు పిల్లా, నడుం మీద పెట్టు! మీ అమ్మ నేర్పలేదా?" అని తిట్టి, నేనే మళ్లీ నింపి ఎత్తించాను.

ఆదివారం ఆమె లేచి, వచ్చీరాని తెలుగులో, "ఈ వారం దేవుడు నాకు అక్కను ఇచ్చిండు. అమ్మ లెక్క తిట్టింది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తిట్టింది నేను, మేలు ఆమెకా!

"నువ్వేం చెప్తవ్ బిడ్డా?" అని పాస్టరమ్మ నన్నడిగింది.

"నాకేం ఇయ్యలేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "నన్ను ఇయ్యలేదా, అక్కా?"

మందిరమంతా నవ్వింది. తర్వాత ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. అంత చక్కటి సాక్ష్యాన్ని నా నోటికి కాకుండా ఆమె నోటికే ఎందుకిచ్చాడని దేవుడి మీద ఇప్పటికీ అలిగే ఉన్నాను.