ఖాళీ కడవల కొలత

బూదిగుట్టపల్లి రామక్కకు ఒకటే జబ్బు. ఏది కంటబడినా దాని సంగతి అడిగి తెలుసుకోవాలి. హిందూపురం బస్సెక్కితే డ్రైవరును, "ఆ తిప్పే చక్రం చేతికి ఊడొస్తే ఏం చేస్తావన్నా?" అని అడిగి బస్సంతటి చేతా తిట్లు తిన్నది. లేపాక్షిలో అందరూ బసవన్నకు దండాలు పెట్టుకుంటుంటే, "ఈయప్ప లేచి నిలబడితే తల యాడికొస్తుంది?" అని పక్కనున్న పెద్దమనిషిని అడిగింది. ఆయన పాపం మొక్కు మరిచిపోయి చాలాసేపు ఆకాశం వంక చూశాడు.

ఈ జబ్బు ఆమెకు సొంతం. కష్టం మాత్రం ఊరి ఆడవాళ్ళందరితో ఉమ్మడి. తెల్లవారుజామున బావి దగ్గర నిలబడితే, కడవ నిండేసరికి శెనక్కాయ చేల మేస్త్రీ తనకు కావలసిన కూలివాళ్ళను పిలుచుకొని వెళ్ళిపోయేవాడు. నీళ్ళకు పోతే కూలి లేదు, కూలికి పోతే నీళ్ళు లేవు. మొగుడు తిప్పయ్య గొర్రెల మందతో ఏడాదిలో సగం కాలం మైసూరు సీమలోనే ఉండేవాడు. కాబట్టి ఇంటికి నీళ్ళయినా గింజలయినా రామక్కే తేవాలి.

పంచాయతీ సమితులు పుట్టి అప్పటికి రెండేళ్ళు. ప్రజాస్వామ్యం పల్లెపల్లెకూ దిగివచ్చిందని ఉపన్యాసాలు విన్నాము. బావుల్లోకి మాత్రం ఏదీ దిగిరాలేదు. ఆ ఏడు సమితివారు కనికరించి, ఒక బావిని తూటాలు పెట్టి బండ పేల్చి లోతు చేయించడానికి ఒప్పుకున్నారు. అడిగినవి మూడు పంచాయతీలు: బూదిగుట్టపల్లి, నల్లరాళ్ళపల్లి, ఏటిగడ్డపల్లి. ఎవరికి ఎక్కువ అవసరమో మీలో మీరే తేల్చుకు రమ్మని సమితి చేతులు కడుక్కుంది. కడుక్కోవడానికి వాళ్ళకు నీళ్ళున్నాయి.

ముగ్గురు సర్పంచులూ బూదిగుట్టపల్లి బడి వసారాలో సమావేశమయ్యారు. మామూలు రోజుల్లో ఎవరి ఊరి గొప్ప వారు చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరి ఊరి దరిద్రం వారు చెప్పుకున్నారు.

"మా ఊరి కాకులు మైసూరు సీమకు పోయి నీళ్ళు తాగొస్తాయప్పా" అన్నాడు బూదిగుట్టపల్లి సర్పంచి నారాయణప్ప.

"మీకు కాకులన్నా ఉండాయి" అన్నాడు నల్లరాళ్ళపల్లి సర్పంచి.

కాకుల మీద వాదం ముదిరి, తాతల నాటి పొలంగట్ల తగాదాల దాకా పోతుండగా గ్రామసేవక్ హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు. ట్రైనింగు పూర్తి చేసి కొత్తగా వచ్చినవాడు. కొలవగలిగినది ఏదైనా బాగుపడుతుందని అతని నమ్మకం. "మాటలతో తేలదు. కొలుద్దాం. మూడు ఊళ్ళనూ ఒకే కొలతతో కొలిచి పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు.

కొలత అందరికీ నచ్చింది. ఒక ఊరి ఆడమనిషి కడవ తీసుకొని పక్క ఊరికి పోవాలి. వరుసలో చివర నిలబడాలి. నిలబడినప్పుడు పొద్దు ఎక్కడుంది, కడవ నిండినప్పుడు ఎక్కడుంది, వచ్చి చెప్పాలి. ఎక్కువసేపు పట్టిన ఊరికి తూటాలు. ఎవరి ఊరిని వారు కొలుచుకోకూడదు.  బారెడు పొద్దు అనే మాటలో బారెడు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. పొట్టివాడైన ఏటిగడ్డపల్లి సర్పంచి తన బారకు అన్యాయం జరుగుతుందని అభ్యంతరం చెప్పాడు. చివరకు హనుమంతరాయుడి బార ఖరారయింది.

నల్లరాళ్ళపల్లికి ఎవరు పోతారంటే ఆడవాళ్ళెవరూ కదలలేదు. ఒకనాటి కూలి పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? రామక్క లేచింది. నల్లరాళ్ళపల్లి బావి లోపల ఎట్లా ఉంటుందో ఆమె ఇంతవరకు చూడలేదు.

నారాయణప్ప ఆమెను పక్కకు పిలిచాడు. "చూడు రామక్కా, ఆడ యెంతసేపు నిలబడినా, కొంచెంసేపే అని చెప్పల్ల. అప్పుడే బాయి మనకొస్తాది. బాయొస్తే నీ కూలి నీకుంటాది. తెలిసిందా?"

"తెలిసె" అంది రామక్క. ఆమెకు తెలిసిన మాట నిజమే.

ఇంతమంది పెద్దలు ఇంత ఆలోచించినా, నీళ్ళకు పోయే ఆడది ఖాళీ కడవతో పోతుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. సొంత ఊళ్ళో ఆడవాళ్ళు ప్రయాణమయ్యే మగవాళ్ళ కంటబడకుండా సందుగొందుల్లో బావికి పోతారు. పొరుగూరి మనిషికి సందులేం తెలుసు? రామక్క నడి బండిబాటన నల్లరాళ్ళపల్లిలో అడుగుపెట్టింది. ఎదురుగా శివప్ప అనే రైతు ఎద్దులబండి కట్టుకొని సంతకు బయల్దేరుతున్నాడు. ఖాళీ కడవను చూసి పగ్గాలు బిగించాడు.

"యెవరమ్మా నువ్వు? పొద్దున్నే వట్టి కడవతో ఎదురొస్తివే!"

"మీ బాయి కొలిచేదానికి వస్తినన్నా."

"కొలుద్దువులే. ఆడనే నిలబడు. ఒక్క అడుగు ఏసినావంటే చూడు! ఓబులమ్మా! ఇంట్లో నీళ్ళుంటే తేవే బిరీన!"

అతని భార్య ఓబులమ్మ పరుగెత్తి వచ్చి ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ రామక్క కడవలో పోసింది. రామక్క నిండు కడవతో ఎదురు నడిచింది. బండి సుఖంగా సంతకు పోయింది. బావి ఏ దిక్కున ఉందో తెలియకుండానే కొలత ముగిసింది.

మిగిలిన రెండు ఊళ్ళలోనూ ఇదే వైభవం. బూదిగుట్టపల్లిని కొలవడానికి వచ్చిన ఏటిగడ్డపల్లి కదిరమ్మకు, కోర్టు వాయిదాకు బయల్దేరిన నారాయణప్ప స్వయంగా ఎదురుపడ్డాడు. స్వయంగా తన ఇంటి తొట్టిలో నీళ్ళు తోడిపోశాడు. సాయంత్రం హనుమంతరాయుడు మూడు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మూడు ఊళ్ళలోనూ అడగకముందే, ఊరి మొదట్లోనే, మనిషి నిలబడిన చోటికే నీళ్ళు వస్తున్నాయి. ఇంతటి నీటి సరఫరా పట్టణాల్లో కూడా లేదు.

"ఇది సమితికి చెబితే ఉన్న తూటాలూ వేరేవాళ్ళకు పోతాయి" అన్నాడు దిగులుగా.

"అయితే నిండు కడవతో పోతే?" అని అడిగింది రామక్క.

"నిండు కడవలో మళ్ళీ ఏం నింపుతావమ్మా?"

"బాయికాడికి పోయినంక వంచేస్తే పాయె!"

సభ దీనిని ఏకగ్రీవంగా ఆమోదించింది. రామక్క ఇంట్లో పోసుకుపోయేటన్ని నీళ్ళు లేవు కాబట్టి నారాయణప్ప ఇంటినుంచే ఇప్పించారు.

రెండోసారి నల్లరాళ్ళపల్లి ఆమెను పెళ్ళివారిని చూసినట్లు చూసింది. నిండు కడవ ఎదురొస్తే కాదనేవాడెవడు? ఇద్దరు మగవాళ్ళు పనిలేకపోయినా ఎదురు నడిచి శకునం పుచ్చుకున్నారు. బావి దగ్గర రామక్క కడవను మేకల తొట్టిలోకి వంచింది. వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ నోరు మూశారు. తర్వాత అందరూ ఒకేసారి తెరిచారు.

"ఏమక్కా, మీ ఊర్లో పారబోసేటన్ని నీళ్ళుండాయా? ఇంగ మాతోటి పోటీ ఎందుకు?" అంది ఓబులమ్మ.

"పారబోస్తినా? మీ మేకలు తాగుతాండాయి చూడు. మా సర్పంచి ఇంటి నీళ్ళు. ఆయప్ప ఇంట్లోవి ఆయప్ప మేకలకే దక్కవు, మీవి తాగినాయి."

నవ్వులయ్యాయి. రామక్క కడవ వరుసలో చివర కూర్చుంది. హనుమంతరాయుడి బారతో పొద్దు బారెడెక్కి ఉంది.

వరుస కదలలేదు. రామక్కకు అక్కడ నిలబడి ఉండటం చేతకాలేదు. "కిందికి దిగి చూస్తునా?" అని అడిగి మెట్లు దిగింది. అడుగున నీళ్ళు లేవు. నల్లరాతిలో వేలు పట్టేంత నెర్రె ఒకటి ఉంది. అందులోంచి ఊట చెమటలాగా పుడుతోంది. ఒక ముసలమ్మ టెంకాయచిప్ప ఆనించి కూర్చుంది. చిప్ప నిండితే కడవలో పోస్తుంది, మళ్ళీ ఆనిస్తుంది.

"రాత్రిళ్ళు కూడా ఊరుతుందా అవ్వా?"

"ఊరుతుంది. రాత్రి పాములు తాగుతాయి. పగలు మనం."

"ఈ నెర్రె యెంత లోపలికి పోయిందో?"

"నువ్వు పోయి చూసొచ్చి చెప్పు" అంది అవ్వ చిప్ప మీదినుంచి కన్ను తీయకుండా.

రామక్క పైకి వచ్చింది. బూదిగుట్టపల్లి బావిలో చేదవేస్తే బురదో గిరదో, సగం చేదయినా పైకి వస్తుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కావాలంటే అప్పుడే తిరిగిపోవచ్చు. తన నోటి మాటే కొలత. కానీ తన వంతు వచ్చినప్పుడు కడవ నిండడానికి ఎన్ని చిప్పలు పడతాయో చూడకుండా పోవడం ఆమెకు సాధ్యం కాలేదు. చూసింది. అప్పటికి గొర్రెల కాపరులు మందలను మధ్యాహ్నం నీడకు తోలుతున్నారు.

సాయంత్రం బడి వసారాలో ముందు కదిరమ్మ చెప్పింది. బూదిగుట్టపల్లిలో పొద్దు మూడు బారలెక్కేసరికి కడవ నిండింది. ఏటిగడ్డపల్లిలో అంత కూడా పట్టలేదని అక్కడికి పోయిన నల్లరాళ్ళపల్లి ఆడమనిషి చెప్పింది. తర్వాత రామక్క లేచింది. నారాయణప్ప దగ్గాడు. అది మామూలు దగ్గు కాదని అందరికీ తెలిసింది.

"బారెడు పొద్దప్పుడు నిలబడితి" అంది రామక్క. "కడవ నెత్తికెత్తుకునే తలికి గొర్రెల్ని నీడకు తోలుతాండ్రి. ఆడ బాయి లేదప్పా. బండకు చెమట పడుతాంటే చిప్పతో పట్టుకుంటాండారు."

హనుమంతరాయుడు మూడింటినీ పక్కపక్కన పెట్టాడు. తూటాలు నల్లరాళ్ళపల్లికి పోయాయి.

"నిన్ను పంపింది మన ఊరి కోసరమా, వాళ్ళ ఊరి కోసరమా?" అన్నాడు నారాయణప్ప అందరూ వెళ్ళాక.

"చూసి రమ్మంటివి. చూసి వస్తిని."

"చూసింది చెప్పమంటినా?"

చూసింది చెప్పకుండా ఎట్లా ఉంటారో రామక్కకు నిజంగానే తెలియదు.

మరునాడు తెల్లవారుజామున ఆమె బావికి వచ్చి కడవ పెట్టగానే, వరుసలో మొదట ఉన్న సుబ్బలక్ష్మమ్మ దాన్ని కాలితో చిట్టచివరకు నెట్టింది. "ఊరి బాయిని పొరుగూరోళ్ళకిచ్చిన మహాతల్లి! వెనక నిలబడు. ఈ పొద్దు కూలి ఎట్లా దొరుకుతుందో మేమూ చూస్తాం."

రామక్క పోయి వెనక నిలబడింది. అందరూ ఆమెకు వీపు తిప్పారు.

"చిప్పతో పడతారంట, నిజమేనా?" అని ఎవరో వీపు తిప్పకుండానే అడిగారు.

"నిజమే. ఒక అవ్వ ఆనించుకోని కూర్చుంటాది. రాత్రయితే పాములొస్తాయంట తాగేదానికి."

"పాములా? యాడ్నుంచి?"

"అదే నెర్రెలోంచి. నేను వేలు పెట్టి చూస్తి."

"వేలు పెట్టినావా! పాములుండే దాంట్లో!"

వీపులు ఒక్కొక్కటే తిరిగాయి. వరుస వెనక భాగంలో గుంపు చేరింది. ముందున్న సుబ్బలక్ష్మమ్మకు వినబడలేదు. చేద సగంలో ఆపి, మెడ సాచి, ఇంకా వినబడక, విసవిసా వెనక్కి వచ్చి రామక్క కడవను చంకనెత్తుకుంది.

"ఆడ నిలబడి గుసగుసలాడితే ఈడ నీళ్ళు చేదేవాళ్ళకు వినపడల్లనా వద్దా? ముందుకు రా. నా పక్కన నిలబడి చెప్పు. మొదటినుంచి చెప్పు."

ఆ రోజు రామక్క కడవ అందరికంటే ముందు నిండింది. ఓబులమ్మ సంగతి, మేకల సంగతి, అవ్వ సంగతి చెబుతూ ఉండగా సుబ్బలక్ష్మమ్మే చేది పోసింది. చేనికి వచ్చిన రామక్కను చూసి మేస్త్రీ, ఏమిటింత బిరీన వచ్చినావని అడిగాడు. ఇంకా పని మొదలు కాలేదు కాబట్టి ఆమె అతనికీ మొదటినుంచి చెప్పసాగింది.