రెండు వందలమంది పెళ్లివారూ, ఒక పికప్పూ

షూటింగులు ఆగిపోవడం నేను చాలా చూశాను. వాన పడి ఆగినవి, కరెంటు పోయి ఆగినవి, హీరోగారు అలిగి ఆగినవి, ఒకసారి గేదె అడ్డంగా పడుకుని ఆగినది కూడా. కానీ ఆకాశం శుభ్రంగా ఉండి, హీరోయిన్ కళ్లకి గ్లిజరిన్ రాసుకుని నిలబడి, రెండు వందలమంది పెళ్లివారు పట్టుబట్టల్లో సిద్ధంగా ఉండగా, ఒకే ఒక్క మాటతో మొత్తం షూటింగుని ఊడ్చి పారేసిన ఘనుడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుడే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. ముందే చెబుతున్నాను, చివరిదాకా వినండి, నవ్వుకోండి, నా పిల్లలకి మాత్రం చెప్పకండి.

తొంభైల మొదటి రోజులవి. నేను భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురితో సర్దుకుంటూ, ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ అసిస్టెంటుగా చేరాను. గొడుగులు పట్టడం, టీలు అందించడం, ఎవరు ఎవరిమీద అలిగారో కనుక్కోవడం నా పనులు. వీటన్నిటికీ మించి ఇంకొకటుంది. సాయంత్రం పని ముగిసిందని డైరెక్టరుగారు నెమ్మదిగా "ప్యాకప్" అనగానే, ఆ మాట యూనిట్ అంతటికీ వినపడేలా అరిచేది నేను. దేవుడు నాకు బుర్ర ఇవ్వాల్సిన చోట కొంచెం పిసినారితనం చూపించి, ఆ మిగిలింది గొంతులో పోశాడు. నేను బంగళా వెనక పెరట్లో అరిస్తే ముందు వీధిలో జనరేటరువాడు స్విచ్చి కట్టేసేవాడు.

మా నిర్మాత సోమరాజుగారు ఒకసారి బొంబాయి వెళ్లొచ్చి, ఆఫీసులో అడుగుపెడుతూనే ప్రకటించారు.

"ట్రైలర్ కొన్నానయ్యా!"

డైరెక్టరుగారు బిత్తరపోయారు. "షూటింగే సగం అవలేదు, అప్పుడే ట్రైలరేంటండీ?"

"ఆ ట్రైలర్ కాదయ్యా. చక్రాలమీద గది! బొంబాయిలో హీరోయిన్లు దాంట్లో కూర్చుంటున్నారు. మన హీరోయిన్ చెట్టు కింద గొడుగేసుకుని కూర్చుంటే నాకు తలకొట్టేసినట్టుంది."

వారం తిరక్కుండా అది వచ్చింది. ఎవరో విదేశీ ఇంజనీర్లు వాడి వదిలేసిన తెల్లటి రేకు డబ్బా. కింద రెండు చక్రాలు, లోపల మంచం, అద్దం, కిటికీకి పూల కర్టెన్లు, నీళ్లు రాని కుళాయి. అన్నీ ఉన్నాయి, ఇంజను తప్ప. ముందు ఒక ఇనప కొక్కెం మాత్రం ఉంది.

"దీన్ని లాగేదెవరు?" అన్నారు రాజుగారు, చుట్టూ చూస్తూ.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది. "నేను చూసుకుంటానండీ. మా ఊళ్లో ట్రాక్టరుకి ట్రక్కు తగిలించి ధాన్యం తోలేవాళ్లమండీ" అన్నాను. అబద్ధం కాదు. తోలేది మా బాబాయి, నేను బస్తాలమీద కూర్చుని చెరుకు తినేవాణ్ణి. అంత చిన్న తేడా పెద్దవాళ్లకి చెప్పి విసిగించడం ఎందుకనిపించింది.

రాజుగారు మురిసిపోయారు. "ప్రసాదూ, ఈ పెళ్లి షెడ్యూలు ఏ గొడవా లేకుండా దాటించు. వచ్చే సినిమాకి నువ్వే ప్రొడక్షన్ మేనేజరువి. తేడా వచ్చిందో, భీమవరం బస్సు ఎక్కిస్తాను."

మేనేజరు! ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా గదిలో మిగతా ముగ్గురికీ నేను పట్టనివ్వలేదు.

లాగే బండి కోసం వెతుకుతుంటే రహమత్ నగర్‌లో యాదగిరి దొరికాడు. అతని బండి ముందు సగం జీపు, వెనక సగం తొట్టి. రంగు ఏమిటని అడిగితే ఎవరూ ఒక్క మాటలో చెప్పలేరు.

"యాదగిరన్నా, ఈ వ్యాన్ ఆ ట్రైలర్ని లాగుతుందా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "వ్యాన్ అనకు తమ్మీ. గుస్సా వస్తది. గిది పికప్. వ్యాన్‌ల కూరగాయలు తెస్తరు. పికప్ అను."

"సరే, పికప్. బ్రేకులు పనిచేస్తాయా?"

"ఎందుకు చెయ్యయ్? మస్తుగ చేస్తయ్. కాని జర ముందుగాల్నే చెప్పాలె దానికి."

"హారన్?"

"హారనెందుకు? నేనున్న గద, ఒర్లుత."

"మరి ఎత్తు పల్లాల్లో?"

"ఎత్తు మీద ఆపితే టైరు కింద రాయి పెట్టాలె, గంతే. ఫికర్ జేయకు."

నేను తలూపాను. కానీ అర్థమై ఊపిన ఊపు కాదది. మా ఊళ్లో రోడ్డు పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఆపిన బండి ఆపిన చోటే ఉంటుంది. బండి తనంతట తాను ప్రయాణం పెట్టుకుంటుందని ఊహించడానికి గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఆధారమేమీ లేదు. "పికప్" అనే మాట మాత్రం భక్తిగా బట్టీపట్టాను. లేకపోతే యాదగిరి బండి తియ్యనన్నాడు.

షూటింగు జూబ్లీహిల్స్‌లో, ఏటవాలు వీధిలో ఉన్న ఒక పెద్ద బంగళాలో. కృష్ణానగర్ నుంచి ఊరేగింపుగా బయల్దేరాం. ముందు పికప్పు దగ్గుతూ, వెనక ట్రైలరు ఊగుతూ, కిటికీలోంచి యాదగిరి "జరగుండ్రి! జరగుండ్రి!" అని హారన్ మోగిస్తూ. నేను పక్కన కూర్చుని, చూసేవాళ్లందరికీ చెయ్యి ఊపుతున్నాను. కొందరు తిరిగి ఊపారు కూడా, ఏ పార్టీవాళ్లో తెలియక.

బంగళా ఎదురుగా దాన్ని వెనక్కి పెట్టడం దగ్గర అసలు రంగు బయటపడింది. ట్రైలరుకి ఒక పాడు గుణం ఉంది. ముందు బండి స్టీరింగు కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఈ సంగతి నాకు తెలియదు. తెలిసినట్టు నిలబడి చేతులు ఊపుతున్నాను.

"కుడికి! కుడికన్నా!"

"కుడికే తిప్పిన తమ్మీ!"

"మరి ఎడమకెందుకు పోతోంది?"

"అది దాన్నడుగు!"

ఈలోగా ఫైట్ మాస్టరు వచ్చి "ఎడమకి కొట్టు, నేను చెబుతున్నా" అన్నాడు. హీరోయిన్ తండ్రి వేషం వేసిన ఆయన "ముందుకెళ్లి మళ్లీ వెనక్కి రావయ్యా, జీవితం కూడా అంతే" అన్నారు. స్టిల్ ఫొటోగ్రాఫరు ఏమీ చెప్పకుండా ఫొటోలు తీసుకున్నాడు. చివరికి కొక్కెం ఊడదీసి, చేత్తో నెట్టాం. ఆడపెళ్లివారి వేషాల్లో ఉన్నవాళ్లు నెడుతుంటే, మగపెళ్లివారి వేషాల్లో ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వేషంలో అంత లీనమవడం నేను మళ్లీ చూడలేదు.

హీరోయిన్ మాత్రం చాలా సంతోషపడింది. రాజమండ్రి అమ్మాయి, మద్రాసులో ఉండేది. "బాగుందండీ ప్రసాద్ గారూ, బొమ్మరిల్లులా ఉంది" అంది. నన్ను "గారూ" అన్న మొదటి హీరోయిన్ ఆవిడే. నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. ఆ రోజు ఆవిడ కాల్షీటుకి ఆఖరు రోజు. సాయంత్రం విమానంలో మద్రాసు వెళ్లిపోతుంది, మళ్లీ రెండు నెలలదాకా దొరకదు. మిగిలింది ఒక్కటే షాటు, అప్పగింతలు. పెళ్లికూతురు గేటు దాటుతూ వెనక్కి తిరిగి పుట్టింటిని చూసి ఏడవాలి. ఆ షాటు పడితే నేను మేనేజరుని, పడకపోతే భీమవరం బస్సు.

వెలుతురు దిగిపోతోంది. కెమెరామాన్ కన్ను పెట్టి చూసి "గేటవతల ఆ తెల్ల డబ్బా ఏంటి? పెళ్లికూతురు కన్నా అదే ఎక్కువ కనబడుతోంది. తీసెయ్యండి!" అన్నాడు. డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను యాదగిరికోసం చూశాను. అతను వీధి చివర టీ బడ్డీ దగ్గర ఉన్నాడు. తాళం బండికే ఉంది.

"నేనే తీసేస్తానండీ" అన్నాను. ఆ ట్రైలరు విషయంలో ఇది రెండోసారి నోరు జారడం.

ఇద్దరి సాయంతో కొక్కెం తగిలించి, స్టీరింగు పట్టుకుని, దేవుడి దయవల్ల బండిని ముందుకే పోనిచ్చి, వీధిలో కాస్త దిగువకి తీసుకెళ్లి ఆపాను. హ్యాండ్ బ్రేకు లాగాను. అది నా చేతిలోకి వచ్చేసింది. వచ్చింది కాబట్టి పడిందనే అనుకున్నాను. దాన్ని మర్యాదగా సీటు మీద పెట్టి, దిగి, చేతులు దులుపుకుని, మేనేజరు నడక నడుస్తూ బంగళావైపు నాలుగడుగులు వేశాను.

వెనకాల ఏదో కిర్రుమంది.

తిరిగి చూస్తే పికప్పు కదులుతోంది. తొందరేం లేదు దానికి. పెళ్లికి పిలవని బంధువు మెల్లగా జారుకున్నట్టు, ట్రైలర్ని వెంటబెట్టుకుని వీధి దిగిపోతోంది. లోపల ఎవరూ లేరు, అదొక్కటే నా పూర్వజన్మ పుణ్యం. నేను పరిగెత్తి తలుపు పట్టుకున్నాను. పిడి కూడా చేతిలోకి వచ్చింది. ఇక నాకు తోచింది ఒక్కటే, మనుషుల్ని పిలవడం. బంగళావైపు తిరిగి, దేవుడిచ్చిన గొంతునంతా వాడి అరిచాను.

"పికప్! పికప్! పికప్!"

మీకు అర్థమైంది కదూ? నాకు అప్పుడు అర్థం కాలేదు. మా సినిమావాళ్ల మాటలన్నీ ఒకేలా ఏడుస్తాయి. మేకప్, టచప్, క్లోజప్, ప్యాకప్. ఆ గుంపులోకి యాదగిరి నేర్పిన మాట ఇంకొకటి దూరింది. పైగా రోజూ సాయంత్రం ఆ వేళకి, అదే గొంతుతో, అదే రాగంలో అరిచేవాణ్ణి నేనే.

లోపల ఏం జరిగిందో తర్వాత చెప్పారు. డైరెక్టరుగారు కళ్లు మూసుకుని, చేతిలో బ్యాటరీ మైకుతో, "అమ్మా, నీ కళ్లల్లో ఇరవయ్యేళ్ల పుట్టిల్లు కనపడాలి..." అని భావం వివరిస్తున్నారు. నా కేక వినపడగానే జనరేటరు ఆగింది. లైట్లు ఆరాయి. యాక్షన్ అంటే కదలడానికి అరగంట తీసుకునే జనం ఒక్క ఊపున లేచారు. పెళ్లికొడుకు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పురోహితుడు బీడీ వెలిగించాడు. ముత్తయిదువలు పట్టుచీరలు కంపెనీకి అప్పజెప్పడానికి వరసలో నిలబడ్డారు. పెళ్లికూతురు గ్లిజరిన్ తుడిచేసుకుని, అందరికీ నమస్కారం పెట్టి, విమానం వేళవుతోందని పెళ్లిచీరతోనే కారెక్కి వెళ్లిపోయింది. డైరెక్టరుగారు కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా అరటిచెట్లు కట్టిన పందిరి ఒక్కటే ఉంది.

అక్కడ పికప్పు తిన్నగా వెళ్లి, కొత్తగా కడుతున్న ఇంటిముందు ఇసుక కుప్పలో ముక్కు పెట్టి ఆగింది. యాదగిరి టీ గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చి, చుట్టూ తిరిగి చూసి, "ఒక్క గీత గూడ వడలే తమ్మీ! చూసినవా, ఎంత తెలివైన బండో! ఎక్కడ ఆగాలెనో దానికెరుక" అని దాన్ని నిమిరాడు.

నేను ఆనందంతో బంగళాకి పరిగెత్తాను. "సార్! ఏం కాలేదండీ! అంతా క్షేమం!"

డైరెక్టరుగారు మైకు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నారు. "ప్యాకప్ అని నీకెవరు చెప్పారు?"

"నేను ప్యాకప్ అనలేదండీ."

"మరేమన్నావ్?"

నేను నిజాయితీగా, ఆయనకి దగ్గరగా వెళ్లి, స్పష్టంగా చెప్పాను. "పికప్ అన్నానండీ. పికప్!"

అది మైకులోంచి వీధంతా వినపడింది. పెళ్లివేషాలవాళ్లని తీసుకెళ్లడానికి వచ్చి, ఎందుకో అనుమానంగా ఆగి చూస్తున్న రెండు బస్సులు ఆ మాటతో స్థిమితపడి, పెళ్లివారిని ఎక్కించుకుని వెళ్లిపోయాయి.

రాజుగారు కుర్చీలో కూలబడ్డారు. నన్ను తిట్టలేదు. "భీమవరం బస్సు ఎన్నింటికి?" అని పక్కవాణ్ణి మాత్రం అడిగారు. నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. మేనేజరు సంగతి సరే, మా నాన్నకి ఏమని చెప్పను? షూటింగు ఎందుకు పోయిందంటే బండిని పేరుపెట్టి పిలిచానని చెప్పనా?

అంతలో హీరోయిన్ కారు వెనక్కి వచ్చింది. ఆవిడ హ్యాండ్ బ్యాగు, విమానం టిక్కెట్టుతో సహా, ట్రైలర్లో ఉండిపోయింది.

"ట్రైలరేదండీ?" అని అడిగింది.

"ఇసుకలో ఉందండీ" అన్నాను.

"ఇసుకలోకెందుకు వెళ్లింది?"

చెప్పాను. మొదట్నించి చివరిదాకా, చేతిలోకొచ్చిన బ్రేకుతో సహా చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత గేటు పట్టుకుంది. తర్వాత గేటుకి తల ఆనించి, భుజాలు కుదుపుతూ, ఊపిరాడకుండా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

కెమెరామాన్ అందరికన్నా ముందు మేలుకున్నాడు. "వెలుతురు ఇంకా ఉంది! జనం అక్కర్లేదు, క్లోజప్ చాలు. అమ్మా, కొంగు అలాగే ఉంచండి, కళ్లు మాత్రం ఇటు!" అని అరిచాడు. డైరెక్టరుగారు నన్ను ఆవిడ ఎదురుగా నిలబెట్టి, "మళ్లీ చెప్పు, ఏమని అరిచావ్?" అన్నారు. నేను చెప్పాను. ఆవిడకి ఇంకో విడత కన్నీళ్లొచ్చాయి. షాటు ఒకే దెబ్బకి ఓకే అయింది. రాజుగారు నన్ను మేనేజరుని చేశారు. ప్యాకప్ చెప్పే పని మాత్రం గొంతు లేని ఒక కుర్రాడికి ఇచ్చారు.

సినిమా విడుదలయ్యాక నేల టిక్కెట్టుకి వెళ్లి చూశాను. అప్పగింతల దగ్గర హాలంతా ముక్కులు చీదుతున్నారు. ఆ కొంగు చాటు కళ్లు చూడగానే నాకు ఆగలేదు, పడీ పడీ నవ్వాను. వెనక వరసలో ఒక పెద్దావిడ నా నెత్తిమీద ఒక్కటి మొట్టింది. "ఏం పుట్టుకయ్యా నీది? ఆడపిల్ల కడుపు తరుక్కుపోయేలా ఏడుస్తుంటే నవ్వొస్తోందా నీకు?" అని కళ్లు తుడుచుకుంది. ఆవిడకి ఏమని చెప్పను? "క్షమించండమ్మా" అని, నేను కూడా ఏడ్చినట్టు నటించాను.

ఆ మొట్టికాయ సాక్షిగా ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇక నా కంఠంలో ప్రాణముండగా షూటింగు చోట ఏ వాహనాన్నీ పేరుపెట్టి పిలవను. అది వీధిలో జారిపోతున్నా, లోయలో దొర్లిపోతున్నా, నామీదికే వస్తున్నా సరే. ఈల వేస్తాను, చప్పట్లు కొడతాను. రెండూ కుదరకపోతే నోరు గట్టిగా మూసుకుని దానికి దారి ఇస్తాను.