పశువుల ఆసుపత్రిలో పసిపిల్లల కుళాయి

పలమనేరు దగ్గర ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి మరమ్మతులు పూర్తయ్యాయంటే, ఈ రోజు కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. ఎస్టిమేట్ వేసిన ఇంజనీరును నేనే. టెండర్‌లో అందరికంటే తక్కువకు కోట్ చేసి పని దక్కించుకున్న కాంట్రాక్టరు మునిరత్నం.

వరండా గోడకు మోకాలెత్తులో ఒక తొట్టి, దానిమీద కుళాయి కనిపించాయి. పశువుల ఆసుపత్రిలో ఇంత కిందికి ఎవరు పెట్టమన్నారని కసురుకున్నాను.

"మీ ఎస్టిమేట్‌లోనే ఉండాది సార్. పిల్లోళ్లు చేతులు కడుక్కునేదానికని రాసినారు. పెట్టకపోతే బిల్లు ఆపుతారు కదా," అన్నాడు మునిరత్నం.

నిజమే. పాత అంగన్‌వాడీ ఎస్టిమేట్‌లో పేరు మార్చి పంపడం మా ఆఫీసులో అందరం చేసే పనే. ఈసారి ఆ తొట్టిని తీసేయడం మరిచిపోయాను.

పగలగొట్టించేద్దామని చెప్పబోతుండగా, ఇంజెక్షన్ వేయించిన దూడను పట్టుకుని ఒక అవ్వ బయటికి వచ్చింది. కాళ్లు వణుకుతున్న ఆ దూడ నేరుగా వెళ్లి తొట్టిలో మూతి పెట్టింది. అవ్వ దాని వీపు నిమురుతూ, "ఎవురు పెట్టించినారో గానీ నాయనా, దీనికి సరిగ్గా అందతా ఉండాది," అంది.

మునిరత్నం నావైపు చూడకుండా కుళాయి తిప్పాడు.

దూడ తాగేదాకా ఆగి, టేపు తీసి తొట్టి ఎత్తు కొలిచాను. ఎస్టిమేట్‌లో రాసినంతే ఉంది. రేపు పై ఆఫీసరు వచ్చి ఇదెందుకని అడిగితే ఏం చెప్పాలో మీరే సలహా ఇవ్వండి. నాకైతే ఆ అవ్వనూ దూడనూ పిలిపించడం తప్ప వేరే దారి తోచడం లేదు.